కుంట కట్ట మీద తుమ్మచెట్లు: ఉంచాలా, కొట్టాలా?

ఎర్రచెలక:
మాది జనగామ వైపు. తాతలనాటి కుంట, ఎకరంన్నర ఉంటుంది. 2015లో మిషన్ కాకతీయ మొదలయ్యాక ఊరి చెరువులో పూడిక తీశారు. మాది పట్టా భూమిలోది, అడిగినవాళ్లు లేరు. మొన్నటి వానలకు నిండి, కట్ట వెనక ఒకచోట నీళ్లు ఊరుతున్నాయి. జేసీబీ అతను చెట్లన్నీ లేపేద్దామంటున్నాడు. నీళ్లలో ఉన్న తుమ్మల మీదేమో కొంగలు గూళ్లు పెట్టాయి. మనసొప్పట్లేదు.

నీరటి మనవడు:
ఊరేది తేటనీళ్లా, బురదనీళ్లా? తేటవైతే కంగారు లేదు, మట్టికట్ట అన్నాక కాస్త చెమ్మ ఉంటుంది. బురదగా వస్తే మాత్రం లోపలి మట్టి కొట్టుకుపోతున్నట్టే. ఆ పూటే తూము తెరిచి నీళ్లు తగ్గించాలి. గాజుగ్లాసులో పట్టి కాసేపు కదపకుండా ఉంచండి, తెలిసిపోతుంది.

ఎర్రచెలక:
చూశాను. అడుగున ఏమీ దిగలేదు. టెన్షన్ తగ్గింది.

పాత ఇంజినీరు:
కట్ట మీది చెట్టు సంగతి వేరు, నీళ్లలో చెట్టు సంగతి వేరు. కట్ట మీదివి తీయాల్సిందే. వేరు కుళ్లితే గొట్టంలా సందు పడి నీళ్లకు దారి అవుతుంది. అందుకే నరికి వదిలేస్తే ఇంకా ప్రమాదం. ఎండాకాలంలో నీళ్లు దిగాక మొద్దు తవ్వి, బంకమట్టి పొరలు పొరలుగా వేసి దిమ్మిసతో కొట్టాలి. పైన గరిక చాలు. పందికొక్కు బొరియలూ పూడ్చండి. కుంట నిండుగా ఉండగా మాత్రం కట్టను కదిలించొద్దు. లోపలి తుమ్మల జోలికి వెళ్లకండి, గూళ్లు అక్కడేగా.

పులుసు ప్రియుడు:
ఇంకో మాట. చేపలు పోతాయని నేను మా కుంటలో మిగులు నీళ్లు పోయే అలుగుకు సన్నవల కట్టాను. గుర్రపుడెక్క, చెత్త వచ్చి పడి నీళ్లు కట్ట మీదికి ఎక్కబోయాయి. అర్ధరాత్రి నడుములోతు నీళ్లలో దిగి వల కోశాను. సగం చేపలు పోయాయి, కట్ట మిగిలింది. మట్టికట్ట మీంచి నీళ్లు పొర్లితే ఇక ఆపలేం.

ఎర్రచెలక:
అన్నా, మా దాంట్లో కొరమీను ఉంది. రోహు, బొచ్చె పిల్లలు వేస్తే బతుకుతాయా?

పులుసు ప్రియుడు:
చిన్నవి వేస్తే దానికి పలహారం. జానెడు పిల్లలు తెచ్చి వేయండి. రోహు, బొచ్చె నిలవనీళ్లలో గుడ్లు పెట్టవు, పిల్లలు కొనాల్సిందే. కొరమీను అలా కాదు, అక్కడే పెరుగుతుంది. ఒడ్డున ఎర్రటి పిల్లల గుంపు కనిపిస్తే పెద్దవి కిందే కాపలా ఉంటాయి, అప్పుడు గాలం వేయకండి.

ఎర్రచెలక:
కట్ట మీది నాలుగు తుమ్మలకు సున్నం బొట్టు పెట్టాను. ఎండాకాలంలో తీస్తా. అలుగుకు మా తమ్ముడు కట్టిన వల ఒకటుంది. ఇప్పుడే వెళ్లి విప్పుతున్నా.