సీరియల్‌లో గొప్ప ఎపిసోడ్ అంటే గుట్టు రట్టయ్యే రోజేనా?

కృష్ణాతీరం:
"గుర్తుండిపోయే ఎపిసోడ్ అంటే రహస్యం బయటపడేదే, మిగతాదంతా సాగదీత" అని మొన్న ఇక్కడ ఒకరు రాశారు. నేను ఒప్పుకోను. కార్తీక దీపమే తీసుకోండి. 2017 అక్టోబరు నుంచి 2023 జనవరి దాకా నడిచింది. కార్తీక్ తన భార్య దీపను, పుట్టబోయే పిల్లలు తనవాళ్లు కాదని అనుమానించి దూరం పెట్టాడు. కవలల్లో సౌర్య దీప దగ్గర, హిమ కార్తీక్ దగ్గర పెరిగారు. ఆ చిక్కుముడి విడిపోయిన రోజు నన్ను పెద్దగా కదిలించలేదు. అంతకు చాలా ముందు, హిమ తన కన్నతల్లిని "వంటలక్కా" అని పిలిచిన రోజులున్నాయే, అవి కదిలించాయి. పిల్లకు అది మామూలు పిలుపు. వినే తల్లికి గుండెకోత. ఆ సంగతి చూసే మనకు తెలుసు, పిల్లకు తెలీదు. ఉరుములూ మెరుపులూ లేకుండానే ఎపిసోడ్ నిలబడిపోయింది.

ఓరుగల్లు:
పిలుపులు బాగున్నాయి సరే, ఎన్నేళ్లండీ? ఒక్క డీఎన్‌ఏ టెస్టుతో తేలిపోయే విషయం. మా అమ్మ రోజూ ఏడున్నరకు టీవీ ముందు కూర్చుని, ఆ అనుమానం రేపిన విలన్ మోనిత అబద్ధాలు ఎప్పుడు బయటపడతాయా అని ఎదురుచూసేది. అంత ఓపిగ్గా చూసినవాళ్లకు ఫలితం దక్కిన రోజే గొప్ప రోజు. కాకపోతే దాన్ని కూడా పాడుచేస్తారు. నిజం చెప్పగానే గదిలో ఉన్న ప్రతి మొహం మీదికీ మూడేసి సార్లు కెమెరా వెళ్తుంది. అక్కడితో ఆపేసి మర్నాడు మళ్లీ అదే చూపిస్తారు.

లలిత, లెస్టర్:
ఇక్కడి, అంటే బ్రిటన్ సీరియల్ ఒకటి చెప్తాను. బీబీసీలో 1985 నుంచి వస్తున్న ఈస్ట్ఎండర్స్. 2008 జనవరి 31 నాటి ఎపిసోడ్‌లో మొదటి నుంచి చివరిదాకా ఒకే మనిషి: డాట్ అనే పెద్దావిడ. వేసింది జూన్ బ్రౌన్, రాసింది టోనీ జోర్డన్. కథలో ఆవిడ భర్త జిమ్‌కు స్ట్రోక్ వచ్చింది (ఆ పాత్ర వేసిన జాన్ బార్డన్‌కు 2007లో నిజంగానే వచ్చింది, దాన్నే కథలో కలిపారు). డాట్ టేప్ రికార్డర్ పెట్టుకుని, భర్తకు చెప్పాలనుకున్నదంతా చెప్తుంది. ఆయన్ని ఇంటికి తెచ్చుకుని చూసుకోవడం తనవల్ల అవుతుందా, లేదా అన్నదే ఆవిడ మథనం. అరగంటసేపు ఇంతే. కొత్తగా చూసేవాళ్లకు ఒక ముసలావిడ మాట్లాడుతోంది, అంతే. కానీ లాండ్రీలో ఆవిడ చాకిరీ, నోట్లో సిగరెట్, మాటకు ముందు బైబిలు, సొంత తల్లికే విషం పెట్టబోయిన కొడుకు నిక్, ఇవన్నీ ఏళ్లుగా చూసినవాళ్లకు ప్రతి మాట వెనకా బరువుంటుంది. అంత కష్టాన్ని ఓర్చుకున్న మనిషి "నావల్ల కాదేమో" అని భయపడుతోంది. ఆ ఎపిసోడ్‌కు జూన్ బ్రౌన్ బాఫ్టా (బ్రిటన్‌లో సినిమా, టీవీ అవార్డులు) ఉత్తమ నటి నామినేషన్ దాకా వెళ్లారు.

ఓరుగల్లు గారి వాదనకూ ఈ సీరియల్‌లోనే సాక్ష్యం ఉంది. 1986 క్రిస్మస్ రోజున డెన్ అనే పాత్ర తన భార్య ఏంజీ చేతిలో విడాకుల కాగితాలు పెడతాడు. ఆరు నెలలే బతుకుతానని ఆవిడ ఆడిన అబద్ధం అతనికి అప్పటికే తెలిసిపోయింది. ఆ ఎపిసోడ్‌ను సుమారు 3 కోట్ల మంది చూశారు. అయినా నాకు నచ్చింది నిజం తెలియడం కాదు. ఆ కాగితాలు ఇచ్చాక వాళ్ల కాపురం మళ్లీ మునుపటిలా అవ్వలేదు. రేపు వెనక్కి తీసుకోలేనిది ఈ రోజు జరగాలి. నా లెక్కలో గొప్ప ఎపిసోడ్ అంటే అదే.

మాటల మూట:
కొన్నాళ్లు సీరియళ్లకు డైలాగులు రాశాను కాబట్టి చెప్తున్నా. వారానికి ఆరు ఎపిసోడ్లు, గురువారం రేటింగులు. పడిపోతే శుక్రవారం కథ మారిపోతుంది. లలిత గారు చెప్పినట్టు వెనక్కి తీసుకోలేనిది రాయాలని రచయితకూ ఉంటుంది. "తలుపు తెరిచే ఉంచండి, అవసరమైతే మళ్లీ తెచ్చుకుందాం" అంటారు పైనుంచి. చచ్చిపోయిన పాత్ర ఫొటోకు దండ వేసే సీను రాసినప్పుడు కూడా శవం దొరికిందని రాయనివ్వలేదు మమ్మల్ని.

కృష్ణాతీరం:
అదే జరిగింది కదండీ! 2022లో ప్రమాదంలో దీప, కార్తీక్ పోయినట్టు చూపించి, పిల్లల్ని పెద్దవాళ్లను చేసి కథ నడిపారు. కొన్ని నెలలకే ఇద్దర్నీ వెనక్కి తెచ్చారు. లలిత గారి లెక్కన ఆ ప్రమాదం ఎపిసోడ్ ఇక గొప్పది కాదు. నేనూ అదే అంటాను.

ఓరుగల్లు:
అక్కడే నాకు ఒప్పుదల లేదు. ఆ రాత్రి మా అమ్మ అన్నం ముద్ద ముట్టలేదు. పొద్దున పక్కింటావిడతో గోడ దగ్గర నిలబడి, పిల్లల గతేంటని మాట్లాడుకున్నారిద్దరూ. తర్వాత బతికొచ్చారు కాబట్టి ఆ ఎపిసోడ్ తీసినవాళ్ల పనితనం తక్కువైపోతుందా? తప్పు తర్వాతి ఎపిసోడ్లది. దాన్ని ఈ ఎపిసోడ్ ఖాతాలో రాయకండి.

లలిత, లెస్టర్:
రాయక తప్పదండీ. ఏళ్లనాటి జ్ఞాపకాలే డాట్ ఎపిసోడ్‌కు బలం అని ఒప్పుకున్నాం. వెనక జరిగినదాని పుణ్యం దక్కుతుంటే, ముందు జరగబోయేదాని పాపం మాత్రం అంటదంటే ఎలా? మీ అమ్మగారిని ఒకసారి అడగండి, దీప తిరిగొచ్చాక ఇంకెవరైనా పోతే అలాగే ఏడ్చారా అని.