తెల్ల మరుగుజ్జు, తెల్లని మరుగుజ్జు: రెండూ ఒకటేనా?

పర్లాకిమిడి నుంచి:

అందరికీ నమస్కారం. ఒక్క ‘ని’ గురించి అడుగుదామని రాస్తున్నాను.

నవరాత్రులు మొదలైన రెండో రోజు, రాత్రి ఏడు గంటల వేళ మా వీధి పిల్లల్ని ఏడెనిమిది మందిని మేడ మీదికి తీసుకెళ్లాను. వాన వెలిసి ఆకాశం కడిగినట్టుంది. అదృష్టం కొద్దీ కరెంటు కూడా పోయింది. ముందు మూల, దాని పక్కన ధనూరాశిలో పూర్వాషాఢ చూపించాను. అక్కణ్ణుంచి ఇంకా దక్షిణానికి దిగితే, విరిగిన గాజు ముక్కలా వంపు తిరిగిన చిన్న చుక్కల వరస ఒకటి ఉంటుంది. దాన్ని దక్షిణ కిరీటం అంటారు. అందులో మొదటి చుక్క పేరు మెరిడియానా. మొదటిదే గాని, అదీ గుడ్డి దీపమే. వేలు పెట్టి చూపిస్తే తప్ప పిల్లలకి ఆనలేదు.

వాళ్లకి ఇచ్చిన కాగితం మీద దాని గురించి ఇలా రాశాను: “తెల్లని మరుగుజ్జు చుక్క. తరగతి ఎ2. దూరం సుమారు 125 కాంతి సంవత్సరాలు.” అది చదివి, తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు “పిన్నీ, ఇది చచ్చిపోయిన చుక్కా?” అని అడిగాడు. వాడు బడిలో చదివేది ఒడియా, ఇంట్లో తెలుగు. తెల్ల మరుగుజ్జుల మీద లెక్కలు కట్టిన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ గురించి, ఆయనకి 1983లో వచ్చిన నోబెల్ గురించి చదివాడట. తెల్ల మరుగుజ్జు అంటే ఇంధనం అయిపోయి, కుంచించుకుపోయి, మెల్లగా చల్లారుతున్న చుక్క అని వాడికి తెలుసు.

మెరిడియానా అలాంటిది కాదు. సూర్యుడికన్నా రెండింతలు మించిన అడ్డుకొలత, తొమ్మిది వేల కెల్విన్ల వేడి, నిండు ప్రాణంతో ఉన్న చుక్క. నేను రాసింది తప్పా, వాడు చదివింది తప్పా? ‘తెల్లని’ అని రాశాను కాబట్టి నాది వర్ణనే గాని పేరు కాదు అని నాకు నేను చెప్పుకున్నాను. మీరేమంటారు?

బరంపురం నుంచి:

వ్యాకరణం వరకు మీ వాదన నిలుస్తుందండీ. ‘నల్లని మందు’ అంటే రంగు నల్లగా ఉన్న ఏ మందైనా కావచ్చు. ‘నల్లమందు’ మాత్రం ఒక్కటే, దాన్ని దగ్గర పెట్టుకుంటే పోలీసులు వస్తారు. ‘తెల్లని కాగితం’ రంగు చెబుతుంది. ‘తెల్ల కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు’ అంటే అందులో రాత ఏమీ లేదని. ‘ని’ ఊడిపోయి రెండు మాటలూ అతుక్కుంటే అది పేరైపోతుంది.

కాని ఈ తేడా నోట్లో నిలవదు. పిల్లలకి గట్టిగా చదివి వినిపించేటప్పుడు ‘తెల్లని మరుగుజ్జు’, ‘తెల్ల మరుగుజ్జు’ ఒకే ఊపులో పోతాయి. ఒక చుక్క బతికుందో చచ్చిందో అనేంత పెద్ద సంగతిని ఒక్క ‘ని’ మీద మోపకూడదని నా అభిప్రాయం.

గుణుపురం నుంచి:

అమ్మా, నేను ముప్పై ఏళ్లు సైన్సు చెప్పి రిటైరైనవాణ్ణి. చిక్కు ‘తెల్ల’లో లేదు, ‘మరుగుజ్జు’లో ఉంది.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో హెర్ట్‌జ్‌స్ప్రుంగ్ అనే డెన్మార్క్ శాస్త్రవేత్త ఎర్ర చుక్కల్లో రెండు గుంపులు ఉన్నాయని గమనించాడు. ఒకే రంగు, ఇంచుమించు ఒకే వేడి, అయినా కొన్ని విపరీతమైన కాంతితో, కొన్ని చాలా తక్కువ కాంతితో. కాబట్టి మొదటివి పెద్దవి, రెండోవి చిన్నవి. వాటికి రాక్షస తారలు, మరుగుజ్జు తారలు అని పేర్లు పడ్డాయి. ఎర్ర చుక్కలకి ఆ మాట అతికినట్టు సరిపోయింది. తర్వాత 1943లో మోర్గన్, కీనన్, కెల్‌మన్ ముగ్గురూ కలిసి చుక్క వేడిని చెప్పే తరగతి అక్షరం పక్కన రోమన్ అంకెలు చేర్చారు. ఒకటి అంటే మహా రాక్షసి. ఐదు అంటే నడిగర్భంలో హైడ్రోజన్ హీలియంగా మారుతూ స్థిమితంగా వెలుగుతున్న చుక్క. ఈ ఐదో వర్గం మొత్తానికి పాత అలవాటు కొద్దీ మరుగుజ్జు మాటే అంటించారు. మన సూర్యుడూ ఐదో వర్గమే. ఆ లెక్కన ఆయనా మరుగుజ్జే. ఇక మీ మెరిడియానా సూర్యుడికి రెండింతలుండి కూడా మరుగుజ్జు అనిపించుకుంటోంది!

అసలు శ్వేత కుబ్జం, అంటే ఆ అబ్బాయి చదివిన తెల్ల మరుగుజ్జు, వేరే. సిరియస్ తోడు చుక్క ఉంది చూడండి, భూమంత ఒళ్లు, అందులో ఇంచుమించు సూర్యుడంత బరువు. ఇంకో మాట: మామూలు కంటికి కనబడే శ్వేత కుబ్జం ఆకాశంలో ఒక్కటి కూడా లేదు. మేడ మీద నిలబడి వేలితో చూపించగలిగామంటే అది శ్వేత కుబ్జం కాదు. ఆ అబ్బాయికి ఇది చెప్పండి, జన్మలో మరిచిపోడు.

రాయగడ నుంచి:

నాకు భాష కన్నా ముందు ఒక సందేహం. మా పాప “అన్ని చిన్న చుక్కలూ తెల్లగానే ఉన్నాయిగా, దీన్ని మాత్రం తెల్లది అనడం ఎందుకు” అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

పర్లాకిమిడి నుంచి:

పాప సరిగ్గా పట్టుకుందండీ. వెలుగు బాగా తగ్గినప్పుడు మన కంట్లో రంగులు పట్టే కణాలు పనిచేయవు, చీకటి చూపు కణాలే పనిచేస్తాయి. వాటికి రంగు తెలియదు. అందుకే గుడ్డి చుక్కలన్నీ తెల్లగానే అనిపిస్తాయి. మెరిడియానా తెల్లదని చెప్పింది కన్ను కాదు, పట్టకం. వెలుగుని విడదీసి చూస్తే హైడ్రోజన్ నల్లగీతలు బలంగా కనబడతాయి. ఆ గీతలు ఎక్కువ ఉన్నవాటికే మొదట్లో ‘ఎ’ అని అక్షరం ఇచ్చారు. తర్వాత హార్వర్డ్‌లో ఆనీ జంప్ కానన్ ఆ అక్షరాల్ని వేడిని బట్టి ఓ, బి, ఎ, ఎఫ్, జి, కె, ఎమ్ అని సర్దింది. 1918 నుంచి 1924 దాకా అచ్చయిన హెన్రీ డ్రేపర్ పట్టికలో రెండు లక్షల పాతిక వేలకి పైగా చుక్కలకి తరగతులున్నాయి. ఆమెకి చెవులు సరిగ్గా వినబడేవి కావు. ఒక్కొక్క గాజు పలక మీది గీతలు చూస్తూ అన్ని చుక్కలకి తరగతి ఇచ్చిన ఆ ఓపిక తలుచుకుంటే, మనం ఒక్క మాట దగ్గర ఇంతసేపు ఆగడం ఎక్కువేమీ కాదనిపిస్తుంది.

అందుకే కాగితం మీద ఇక ‘తెల్ల’ అని ఒక్క మాటే రాయను, ‘ఎ తరగతి’ అని కలిపి రాస్తాను. చుక్క మన కంటికి ఎంత వెలుగుగా కనబడుతుందో చెప్పే అంకెకి పుస్తకాల్లో వాడే ‘ప్రకాశ పరిమాణం’ అనే మాటా వాడను. పరిమాణం అంటే మన పిల్లలకి సైజు. పైగా అంకె పెరిగే కొద్దీ వెలుగు తగ్గుతుంది: అగస్త్యుడిది సున్నా కన్నా తక్కువ, మెరిడియానాది 4.1. ‘వెలుగు వరస’ అంటే, వరసలో ముందున్నది ఎక్కువ వెలుగు అని చెప్పకుండానే తెలుస్తుంది.

జయపురం నుంచి:

మరి ఆ చచ్చిన చుక్కకి మనదైన మాట ఎందుకు ఉండకూడదు? పొయ్యి ఆర్పేశాక మిగిలిన నిప్పు ఎలా ఉంటుంది? కొత్తగా మంట లేదు, లోపలి వేడి మాత్రం ఉంది, గంటలు గడిచే కొద్దీ చల్లారుతుంది. శ్వేత కుబ్జం చేసేది అదే. ‘నిప్పుకణిక చుక్క’ అందాం. మా అమ్మమ్మకి చెప్పినా అర్థమవుతుంది.

గుణుపురం నుంచి:

బాగుంది బాబూ. తరగతి గదిలో వివరించడానికి ఇంతకన్నా మంచి పోలిక లేదు. కాని పరీక్షలో, పై చదువుల్లో వాడికి ఎదురయ్యేది శ్వేత కుబ్జమో, హిందీ పుస్తకాల్లోని శ్వేత వామనో. అసలు పేరు దాచకూడదు. రెండూ చెప్పాలి.

పర్లాకిమిడి నుంచి:

మాస్టారూ, ఒప్పుకుంటున్నాను. గిడుగు రామమూర్తి గారు మా ఊళ్లోనే పాఠాలు చెప్పారు. జనం మాట్లాడే తెలుగులో రాయాలని పట్టుబట్టారు, కొండల్లోని సవరల దగ్గర కూర్చుని వాళ్ల భాష నేర్చుకుని నిఘంటువు చేశారు. మాట ఎక్కడ బతికుందో అక్కడికి వెళ్లి తెచ్చుకోవడమే ఆయన పద్ధతి. నిప్పుకణిక అలాంటి మాటే, జయపురం వారికి నా దండాలు.

అందుకని నా కాగితం ఇలా మార్చాను: “మెరిడియానా. దక్షిణ కిరీటంలో మొదటి చుక్క. ఎ తరగతి తెల్ల చుక్క, ప్రధాన శ్రేణి, అంటే కడుపులో హైడ్రోజన్ ఇంకా ఉన్నది. వెలుగు వరస 4.1. ఇప్పుడు మన కంట్లో పడుతున్న దీని వెలుగు బయలుదేరేసరికి పర్లాకిమిడి మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది.” మరుగుజ్జు మాట ఎక్కడా లేదు. శ్వేత కుబ్జం కాగితం వెనకవైపు విడిగా, నిప్పుకణిక బొమ్మతో.

నిన్న సాయంత్రం ఆ అబ్బాయికే ముందు చదవడానికిచ్చాను. చదివి, “అయితే బతికే ఉంది” అని, ఒడియాలో కూడా రాసిపెడతానని తీసుకెళ్లాడు. ‘తెల్ల’కి ధళా అని రాయాలా, శ్వేత అని రాయాలా అని వాళ్ల మాస్టారిని అడుగుతానన్నాడు.