జాబ్ మేళాకు తీసుకెళ్లే రెజ్యూమేలో ఏ ప్రాజెక్టు రాయాలి?

ప్రశ్న (అంబాజీపేట నుంచి ఒక విద్యార్థిని)

అందరికీ నమస్కారం. నేను కంప్యూటర్ సైన్స్ ఇంజినీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాను. వచ్చే శనివారం కాకినాడలో ఒక కళాశాల ఆవరణలో జరిగే జాబ్ మేళాకు మా తరగతి వాళ్లం వెళుతున్నాము. రెజ్యూమే ఒక్క పేజీకి మించకూడదన్నారు కాబట్టి ఒక ప్రాజెక్టు గురించే వివరంగా రాయగలను, ఏది రాయాలో తేలడం లేదు.

మొదటిది, నలుగురం కలిసి కళాశాలకు సమర్పించిన మేజర్ ప్రాజెక్టు. ముఖాన్ని గుర్తుపట్టి హాజరు వేసే సాఫ్ట్‌వేర్ అది. పేరు గొప్పగా ఉంటుంది గానీ, కోడ్‌లో చాలా భాగం ఒక ప్రాజెక్టు సెంటరులో డబ్బు కట్టి తెచ్చుకున్నదే. నేను రిపోర్టు రాశాను, డేటాబేస్ కలిపాను, అంతే.

రెండోది, మా నాన్నగారి కోసం నేనే పైథాన్‌లో రాసిన కొబ్బరి లెక్కల ప్రోగ్రాము. ఏ రోజు దింపు తీశారు, ఎన్ని కాయలు రాశి పోశారు, చిన్న కాయలను రెండింటిని ఒకటిగా లెక్కవేస్తే వర్తకుడికి ఎన్ని లెక్కకు వచ్చాయి, అతను ఎంత ఇచ్చాడు, ఎంత బాకీ ఉన్నాడు అన్నవి అందులో ఉంటాయి. ఏడాదిగా నాన్నగారు దాన్నే వాడుతున్నారు. కానీ తెర చూడటానికి చాలా సాదాగా ఉంటుంది. పైగా అందులో ఒక లోపం ఉంది. బాకీ పూర్తిగా తీర్చేసిన ఒక వర్తకుడి పేరు ఇంకా బాకీదారుల జాబితాలోనే కనబడుతోంది, కారణం నాకు అంతుపట్టలేదు. ఇలాంటిది చూపిస్తే చిన్నచూపు చూస్తారేమోనని భయంగా ఉంది.

మరొక సందేహం. ఉద్యోగం ఇచ్చేముందు డిపాజిట్ కట్టమని అడిగితే ఏం చేయాలి?

సమాధానం 1 (భీమవరం, ప్రస్తుతం హైదరాబాదులో ఉద్యోగం)

చెల్లెమ్మా, కొబ్బరి లెక్కలదే రాయి. మా సంస్థ తరఫున రెండు మేళాల్లో బల్ల దగ్గర కూర్చుని ప్రశ్నలు అడిగినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. హాజరు వేసే ప్రాజెక్టు ఆ రోజు మా చేతికి వచ్చిన కాగితాల్లో ఎన్నిసార్లు కనిపించిందో లెక్కలేదు. ముఖంలో ఏ గుర్తులను చూసి పోలుస్తున్నారు, వెలుతురు తగ్గితే ఏమవుతుంది అని రెండో ప్రశ్న వేసేసరికి చాలామంది తల దించుకునేవారు. ఆ పిల్లలకు తెలివి లేక కాదు, తాము రాయని కోడ్‌కు జవాబు చెప్పవలసి రావడం వల్ల ఆ పరిస్థితి వచ్చింది, అది చూస్తుంటే నాకు బాధ కలిగేది.

నీ ప్రోగ్రాములో వర్తకుడి ఫోను నంబరు ప్రతి దింపు వరుసలోనూ మళ్లీ మళ్లీ రాశావా, లేక వర్తకులకు వేరే టేబుల్ (పట్టిక) పెట్టి ప్రైమరీ కీతో, అంటే ఒక్కో వర్తకుడికి విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్యతో కలిపావా? మొదటిదైతే, నంబరు మారినప్పుడు ప్రతి వరుసా దిద్దాలి, ఒకటి మరిచిపోతే అదే మనిషికి రెండు నంబర్లు మిగులుతాయి. నార్మలైజేషన్ (ఒకే వివరం పలుచోట్ల రాకుండా టేబుళ్లను విడదీయడం) ఎందుకు అని వాళ్లు అడిగినప్పుడు పుస్తకంలోని నిర్వచనం వల్లించకుండా ఈ ఉదాహరణ చెప్పు.

సమాధానం 2 (రావులపాలెం)

డిపాజిట్ సంగతి నేను చెబుతాను. కిందటేడు నేను వెళ్లిన ఒక మేళాలో, ఎంపికయ్యావని చెప్పిన ఒక సంస్థ శిక్షణ పేరుతో డబ్బు అడిగింది, పైగా డిగ్రీ ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర ఉంచమంది. సర్టిఫికెట్లు ఇచ్చి నాలుగు నెలలు తిరిగి, చివరికి పెద్దవాళ్ల చేత అడిగించి వెనక్కు తెచ్చుకున్నాను. డబ్బు రాలేదు. ఒరిజినల్స్ సరిచూడటానికి మాత్రమే చూపించండి, చేతికిచ్చి బయటికి రావద్దు, ఉద్యోగం కోసం ఒక్క రూపాయి కూడా కట్టవద్దు. బాండు మీద సంతకం పెట్టమంటే కాగితం ఇంటికి తెచ్చుకుని చదివిస్తామని చెప్పండి. మధ్యలో మానేస్తే ఇంత కట్టాలని బాండులో రాసి ఉన్నా, 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం కోర్టు ఇప్పించేది ఆ మొత్తానికి మించని సమంజసమైన పరిహారమే.

సమాధానం 3 (రాజమహేంద్రవరం, అధ్యాపకుడు)

అమ్మా, మీరు లోపం అంటున్నదే మీ రెజ్యూమేకు ప్రాణం. ఇప్పుడే పైథాన్ తెరిచి 0.3 నుంచి 0.1, తరువాత 0.2 తీసివేసి చూడండి. సున్నా రాదు, సున్నాకు ఎంతో దగ్గరగా ఒక రుణ సంఖ్య వస్తుంది. మనం మూడింట ఒకటిని దశాంశాల్లో రాయబోతే 0.333 అని అంతులేకుండా సాగినట్లే, పదింట ఒకటిని యంత్రం వాడే, 0, 1 మాత్రమే ఉండే ద్విసంఖ్యా పద్ధతిలో రాయబోతే అంతం ఉండదు. అందుకని యంత్రం ఎక్కడో ఒకచోట తెంచి దాచుకుంటుంది. ఈ పద్ధతికి 1985లో ఐఈఈఈ 754 అనే ప్రమాణం వచ్చింది, కాబట్టి ఇది పైథాన్ తప్పు కాదు, ఇతర భాషల్లోనూ ఇలాగే వస్తుంది. మీ వర్తకుడు పైసలతో సహా తీర్చినా, వాయిదాలు తీసివేయగా యంత్రంలో మిగిలిన ఆ నలుసంత తేడా సున్నాకు సమానం కాదు గనుక పేరు జాబితాలో నిలిచిపోయి ఉంటుంది.

డబ్బును రూపాయల్లో దశాంశంగా కాక పైసల్లో పూర్ణాంకంగా దాచండి, లేదా దశాంశాలను ఉన్నవి ఉన్నట్లే దాచే పైథాన్ డెసిమల్ మాడ్యూల్ వాడండి. పాత లెక్కలను మార్చేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. 0.29ను వందతో గుణించి నేరుగా పూర్ణాంకంగా మారిస్తే 29 కాదు, 28 వస్తుంది, అందుచేత ముందు రౌండ్ చేసి ఆ తరువాతే మార్చాలి. మీకు ఎదురైన కష్టమైన సమస్య ఏమిటని అడిగితే, పేరు ఎందుకు నిలిచిపోయిందో, ఎలా కనుక్కున్నారో, ఎలా సరిచేశారో నెమ్మదిగా చెప్పండి. ఇంగ్లీషులో తడబడితే కాగితం మీద ఆ మూడు అంకెలూ వేసి చూపించండి. అడిగేవారికి విషయం అందుతుంది.

ప్రశ్న అడిగిన విద్యార్థిని

మాష్టారూ, చేసి చూశాను. అంతా పైసల్లోకి మార్చాక ఆ వర్తకుడి పేరు జాబితాలోంచి పోయింది. నాన్నగారికి చూపిస్తే, తాను అతన్ని రెండుసార్లు అడగబోయి మొహమాటపడి ఆగానని అన్నారు, అడిగి ఉంటే ఎంత తప్పు జరిగేదో తలుచుకుంటే గుండె జారిపోయింది. అన్నయ్యా, నేను ఫోను నంబర్లు ప్రతి వరుసలోనూ రాశాను, ఈ రాత్రి వర్తకుల టేబుల్ విడదీస్తున్నాను. హాజరు ప్రాజెక్టును రెజ్యూమే చివర ఒకే వాక్యంలో, డేటాబేస్ భాగం మాత్రమే నాదని రాశాను. ఒరిజినల్స్ నాన్నగారి చేతిలోనే ఉంటాయి. ఇద్దరం శనివారం అమలాపురంలో మొదటి బస్సు ఎక్కి యానాం మీదుగా వెళుతున్నాము.