అప్‌డేట్: షాపు గుడ్లు పొదగేస్తే పిల్లలు ఎందుకు రాలేదో తెలిసింది

దేవరకొండ నుంచి అడిగింది నేనే, కిరాణా షాపులో కొన్న 10 తెల్ల గుడ్లు మా నాటు పెట్ట కింద పొదగేస్తే 21 రోజులు దాటినా ఒక్కటీ పగల్లేదని. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్. పశువుల డాక్టర్ గారు పగలగొట్టి చూశారు, అన్నీ మురిగిపోయాయి, ఒక్కదాంట్లోనూ పిల్ల మొదలే కాలేదు. గుడ్ల ఫారాల్లో పుంజులను ఉంచరు, పుంజు లేకపోయినా పెట్ట గుడ్డు పెడుతుంది కానీ ఆ గుడ్డులోంచి పిల్ల రాదు. ఇది తెలియక పాపం ఆ పెట్టను సరిగ్గా తిండి కూడా లేకుండా అన్ని రోజులు కూర్చోబెట్టానని చాలా బాధేసింది. ఉరుములు, ఎండ, నేను గంప మార్చడం, ఇవేవీ కారణం కాదు. షాపు గుడ్డులో ఒక్కోసారి కనిపించే రక్తపు చుక్క కూడా పిల్లకు గుర్తు కాదు, గుడ్డు తయారయ్యేటప్పుడు సన్నటి రక్తనాళం చిట్లితే అలా వస్తుందట.

మీలో ఒకరు చెప్పినట్టే పుంజు తిరిగే మా మేనత్త వాళ్ల ఇంటి నుంచి 9 గుడ్లు తెచ్చి ఈసారి ఇంకో పెట్ట కింద పెట్టాను. 7వ రోజు రాత్రి చీకట్లో టార్చి పెట్టి చూస్తే ఏడింటిలో ఎర్రటి నరాలు సాలెగూడులా కనిపించాయి, ఖాళీగా ఉన్న రెండూ తీసేశాను. నిన్న పొద్దున 6 పిల్లలు బయటికొచ్చాయి.