చుట్ట, చుట్టం, సురుట్టు: సిగార్ తాగాక వచ్చిన డౌటు

అందరికీ నమస్కారం. నిన్న ఒంగోల్లో పొగాకు సరుకు అమ్మే చిన్న కొట్టుకి పోయినా, సిగార్లు కొత్తరకం వచ్చినయ్యంటే ఒకటి చూద్దామని. సిగార్ ఒకటి ఇవ్వమంటే కొట్టాయన గాజుపెట్టె తీస్తా "ఏ చుట్ట కావాల అబ్బయ్యా, సన్నదా లావుదా" అన్నాడు. నాకు ఆ మాట భలే నచ్చింది. మనం సిగార్ సిగార్ అంటా దాన్నేదో వేరే వస్తువు చేసినాంగానీ అది చుట్టే గదా.

సాయంత్రం డాబా మీద కూర్చోని మూసి ఉన్న కొస కత్తిరించి ముట్టించినా. మొదట్లో వేపిన శనక్కాయ పొట్టు వాసన లాగా కమ్మగా ఉండింది, తర్వాత నాలిక మీద వగరు, సగం దాటినాక మాత్రం ఘాటు ముక్కులోకి ఎక్కింది. నుసి రాలకండా అంగుళం దాకా నిలబడింది. మా తాత చుట్టైతే రెండో దమ్ముకే నసాళానికి అంటేది (చిన్నప్పుడు దొంగతనంగా ఒకసారి పీల్చి పొలమారి నీళ్ల కోసం పరిగెత్తినా). ఆకుని ఆరబెట్టే తీరుని బట్టి ఘాటు, వాసన మారతాయి. మన కొండపి, టంగుటూరు పక్క పండే వర్జీనియా రకం పొగాకు సిగరెట్లకి పోతాది, దాన్ని బ్యారన్లో (పొగాకు ఆరబెట్టే కొట్టంలో) వేడి పెట్టి పసుప్పచ్చగా చేస్తారు. సిగార్ ఆకుని అట్టా కాదు, గాలికి ఆరేసి, మండె కట్టి (కుప్పగా పేర్చి), లోపల వేడి పుట్టి పులిసేదాకా ఉంచుతారు, మధ్యలో తిరగేస్తా ఉంటారు, దాంతో ఘాటు విరిగి వాసన నిలబడతాది.

మిగిలిన పీకని పారేయబుద్ధి కాక గోటితో విప్పి చూసినా. పైన నున్నటి ఆకు ఒక చుట్టు, దాని కింద ముతక ఆకు ఇంకో చుట్టు, లోపల మడతలు మడతలుగా కూరిన ఆకు. తాత చేసేది కూడా అచ్చం ఇదే. ఆకు మీద నీళ్లు చిలకరించి, ఈనె లాగేసి, ముక్కలు లోపల పెట్టి, తొడ మీద దొర్లిస్తా బిగించి చుట్టి కొసన దారం కట్టేవాడు. ఆయన ఆఖరి రెండేళ్లు దగ్గుతో పడిన అవస్థ చూసినోణ్ణి గాబట్టి నేను అలవాటు చేసుకోలేదు. కానీ ఆ చేతుల పనిలోనే ఆ మాట పుట్టింది అనిపిస్తాది. చేసే పని చుట్టడం, అయిన వస్తువు చుట్ట. చాప చుట్ట, తాడు చుట్ట, పాము చుట్ట చుట్టుకోని పడుకుంది అంటాం, అన్నిటికీ అదే మాట.

నా డౌటు ఏందంటే, చుట్టం కూడా ఇందులోదేనా? ఇంగ్లీషోళ్లు చుట్టని చెరూట్ అంటారు, ఆ మాట మన చుట్ట నుంచే పోయిందని చానా మంది రాస్తారు, అది నిజమా?

—

అన్నా, మాది సూళ్లూరుపేట, ఇంట్లో తమిళం కూడా మాట్లాడతాం కాబట్టి చెప్తన్నా. చుట్టం అందులోదే. తమిళంలో సుఱ్ఱు అంటే చుట్టు, సుఱ్ఱం అంటే బంధువులు. వాళ్ల ఱ్ఱ మనకి ట్ట అవుతాది, వాళ్ల పుఱ్ఱు మన పుట్ట అయినట్టు. మన చుట్టూ ఉండేవాళ్లే చుట్టాలు. చెరూట్ మాత్రం చుట్ట నుంచి పోలేదన్నా. తమిళంలో చుట్టని సురుట్టు అంటారు, అది సురుళ్ అనే మాటకి దగ్గరది, సురుళ్ అన్నా చుట్టుకోడమే. చెరూట్ ఆ సురుట్టు నుంచి పోయింది. మా అవ్వ ఇప్పటికీ తెలుగులో మాట్లాడతానే సురుట్టు అంటాది.

—

చానా థాంక్స్ తమ్ముడూ, పుట్ట ఉదాహరణతో పూర్తిగా అర్థమైంది. చెరూట్ మనది కాదంటే కొంచెం బాధగానే ఉంది గానీ నిజం నిజమే. ఇంకోటి గమనించినా, పొగాకు అనే మాట చూడు. ఆ మొక్క మన దేశానికి పోర్చుగీసోళ్లతో వచ్చింది, హిందీలో తంబాకు అని వాళ్ల మాటే ఉంచుకున్నారు. మనం మాత్రం పొగ, ఆకు కలిపి సొంత మాట చేసుకున్నాం. తమిళంలో పుగైయిలై, కన్నడంలో హొగెసొప్పు, అన్నీ ఒకటే కూర్పు. కొత్త వస్తువుని చూసి ఇది ఏం చేస్తాదో అదే పేరు పెట్టిన ఆ పాతకాలం రైతులంటే నాకు చానా గౌరవం.

ఇంకో సంగతి మర్చిపోయినా. మా ఇంట్లో పొయ్యిలోది బూడిద, చుట్టది నుసి. తాత "నుసి దులుపుకోని రా" అంటే చుట్ట గురించే. చెక్కని పురుగు తొలిస్తే రాలేదాన్ని కూడా నుసే అంటాం. కావలి, ఆత్మకూరు పక్కోళ్లు ఏమంటారో చెప్పండి, మీ ఇళ్లల్లో పెద్దోళ్లుంటే అడిగి మరీ రాయండి.