రిచ్‌మండ్ (ఇండియానా): "క్వేకర్ల ఊరు" అని రాయవచ్చా?

గట్టుమీద
అమెరికాలో వేన్ కౌంటీకి కేంద్రమైన రిచ్‌మండ్ గురించి తెలుగులో రాస్తున్న వ్యాసం మొదటి వాక్యంలో "క్వేకర్ల ఊరు" అని ఉంది. (క్వేకర్లంటే మౌన ఆరాధనకు పేరుపడ్డ ఒక క్రైస్తవ శాఖవాళ్లు.) నాకు అభ్యంతరం. పుట్టుక వరకు నిజమే: 1806లో నార్త్ కరొలైనా వైపు నుంచి వచ్చి ఇక్కడ కుదురుకున్న డేవిడ్ హూవర్, జాన్ స్మిత్, జెరిమయా కాక్స్ క్వేకర్లే. బానిసత్వం ఉన్న నేల వదిలి, 1787 చట్టం దాన్ని నిషేధించిన ఒహాయో నది ఉత్తరానికి వచ్చారు. మెయిన్ వీధికి దక్షిణం స్మిత్ భూమి, ఉత్తరం కాక్స్ భూమి. కానీ కౌంటీ కేంద్రం మొదట సాలిస్‌బరీ, ఆ తర్వాత సెంటర్‌విల్. కోర్టు రిచ్‌మండ్‌కు వచ్చింది 1873లో, అదీ క్వేకర్ల వల్ల కాదు, రైలు మార్గాలు, కర్మాగారాలు పెంచిన జనాభా వల్ల. సెంటర్‌విల్ వాళ్లు కౌంటీ రికార్డులు రిచ్‌మండ్‌కు పోనివ్వకుండా జైలు మీదికి ఫిరంగి పేల్చారు. ఆ గుర్తులు గోడ మీద ఇంకా ఉన్నాయి.

నెలసభ
కోర్టు ఎప్పుడొచ్చిందన్నది ఊరి స్వభావానికి కొలత కాదండీ. 1809లోనే అక్కడ వైట్‌వాటర్ నెలసభ (స్థానిక క్వేకర్లు నెలకోసారి కూడే సభ) ఏర్పడింది, 1821లో అలాంటి సభలన్నిటికీ పైదైన ఇండియానా వార్షిక సభ మొదలైంది. 1847లో పెట్టిన బోర్డింగ్ స్కూలే 1859లో అర్లమ్ కాలేజీ అయింది. వాళ్ల పద్ధతి చూడండి: ఓటు ఉండదు. విషయం వినిపిస్తారు, మౌనంగా కూర్చుంటారు, మాట తోచినవాళ్లు లేచి చెబుతారు. సభ ఎటు మొగ్గిందో క్లర్కు గ్రహించి, తీర్మానం అక్కడికక్కడే రాసి చదువుతాడు. గట్టి అభ్యంతరం ఉంటే వాయిదా. ఆ ఊరి పునాది అలాంటిది.

ఉత్తరపు గాలి
ఆ పద్ధతి ఎక్కడ చెడిందో కూడా రాయాలి. ఓటు లేనప్పుడు పెద్దల మాటకు బరువెక్కువ. 1842 అక్టోబరు 1న బానిసల యజమాని అయిన రాజకీయ నాయకుడు హెన్రీ క్లే రిచ్‌మండ్ వచ్చాడు. క్లే బానిసలను విడుదల చేయమని క్వేకర్ హైరమ్ మెండెన్‌హాల్ అర్జీ ఇస్తే, ఇంటికెళ్లి నీ పని చూసుకో అన్నాడు క్లే. మర్నాడు అదే క్లే క్వేకర్ల ఆరాధనలో గౌరవంగా కూర్చున్నాడు. ఆ ఏడాదే వార్షిక సభ, బానిసత్వ వ్యతిరేక సంఘాల్లో చురుగ్గా ఉన్న ఛార్లెస్ ఆస్బర్న్ తదితరులను తన కార్యనిర్వాహక కమిటీ నుంచి తప్పించింది. 1843లో వాళ్లు విడిపోయి వేరే సభ పెట్టుకున్నారు. పారిపోయి వచ్చిన బానిసలకు ఆశ్రయమిచ్చిన లీవై కాఫిన్ ఆ పక్షమే. ఆయన ఇల్లు రిచ్‌మండ్‌లో కాదు, ఉత్తరాన ఉన్న న్యూపోర్ట్‌లో (ఇప్పటి ఫౌంటెన్ సిటీ). కాఫిన్ కీర్తిని రిచ్‌మండ్ ఖాతాలో వేయడం తప్పు.

నెలసభ
ఒప్పుకుంటాను, వ్యాసంలోని కాఫిన్ వాక్యం తీసేద్దాం. అయితే విడిపోయినవాళ్లూ క్వేకర్లేనండీ, వాళ్లు నిలబడింది ఆ విశ్వాసం మీదే. 1828 నాటి హిక్సైట్ చీలిక పక్షం (ఇలియాస్ హిక్స్ అనే క్వేకర్ బోధకుడి వైపు నిలిచి విడిపోయినవాళ్లు) 1865లో కట్టిన మందిరమే ఇవాళ కౌంటీ మ్యూజియం. చీలికలు కూడా ఆ ఊరి చరిత్రే.

పియానో లోయ
1920ల సంగతి ఎవరూ ఎత్తలేదు. వైట్‌వాటర్ లోయలోని స్టార్ పియానో కర్మాగారంలో జెనెట్ అనే రికార్డింగ్ స్టూడియో ఉండేది. రైలు వెళ్తుంటే రికార్డింగ్ ఆపాల్సి వచ్చేది. 1923 ఏప్రిల్‌లో కింగ్ ఆలివర్ జాజ్ బృందం, అందులో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్, అక్కడే వాయించి రికార్డు చేశారు. ఆ దశాబ్దంలోనే ఊళ్లో కూ క్లక్స్ క్లాన్ (తెల్లజాతి ఆధిపత్యం కోరే సంస్థ) బలంగా ఉంది, క్లాన్ పాటల రికార్డులు కూడా ఆ కంపెనీయే ముద్రించింది. "క్వేకర్ల ఊరు" అని తేల్చేస్తే ఇదంతా ఎక్కడ పెడతారు?

గట్టుమీద
అందుకే ఈ వాక్యం పెడుతున్నాను: "క్వేకర్లు స్థాపించిన రిచ్‌మండ్, 1873 నుంచి వేన్ కౌంటీ కేంద్రం." క్లే సంగతి, క్లాన్ సంగతి వేర్వేరు విభాగాల్లో.

నెలసభ
సరే. "స్థాపించిన" పక్కన 1806 చేర్చండి.