పర్సనల్ ట్రైనర్‌గా నెల ఆదాయం పెంచుకునే నిలకడైన మార్గం ఏది?

ప్రశ్న

సభ్యులందరికీ నమస్కారం. కూకట్‌పల్లిలోని ఒక జిమ్‌లో ఆరేళ్లుగా పర్సనల్ ట్రైనర్‌గా పనిచేస్తున్నాను. నెల జీతం 18,000 రూపాయలు. పీటీ, అంటే విడిగా పర్సనల్ ట్రైనింగ్ తీసుకునేవారు నెలకు 12 సెషన్లకు 8,000 రూపాయలు జిమ్‌కు కడతారు, అందులో సగం నాకు వస్తుంది. ప్రస్తుతం ఏడుగురు ఉన్నారు కాబట్టి మొత్తం 46,000 చేతికి అందుతోంది. అయితే తెల్లవారి ఐదింటికి షట్టర్ ఎత్తిన దగ్గర్నుంచి పదింటి వరకు, మళ్లీ సాయంత్రం ఐదు నుంచి రాత్రి పది వరకు జిమ్‌కొచ్చే అందరినీ చూసుకునే ఫ్లోర్ డ్యూటీతో, పీటీలతో ఊపిరి సలపదు, మధ్యాహ్నమంతా ఖాళీ. పైగా జనవరిలో ఉత్సాహంగా చేరినవారిలో చాలామంది పిల్లల పరీక్షలు, వేసవి సెలవులు వచ్చేసరికి మానేస్తారు, ఆ రెండు మూడు నెలలు ఇంటి అద్దెకే వెతుక్కోవలసి వస్తోంది. ప్రోటీన్ డబ్బాలు అమ్మిపెడితే కమిషన్ ఇస్తామని మా యజమాని అంటున్నారు. అందుకు ఒప్పుకోవచ్చా, లేక వేరే దారి చూసుకోవాలా?

మొదటి జవాబు

ఈ వృత్తిలో నాకు పద్నాలుగేళ్లు నిండాయి, మీరున్న చోట నేనూ చాలాకాలం ఆగిపోయాను. పనిగంటలు పెంచకండి, ఉన్న గంటకు రాబడి పెంచండి. బరువైన స్క్వాట్ (బరువు మోస్తూ గుంజీలా కూర్చుని లేవడం) ఒక సెట్ చేసినవారు ఒకటిన్నర, రెండు నిమిషాలు ఆగక తప్పదు, ఆ వ్యవధిలో రెండోవారి సెట్ పూర్తవుతుంది. అందుకని ఇంచుమించు ఒకే స్థాయిలో ఉన్న ఇద్దరిని, దంపతులనో ఒకే ఆఫీసు స్నేహితులనో, ఒకే గంటకు తీసుకుని ఒక్కొక్కరికి 5,500 పెట్టండి. వారికి తలా 2,500 మిగులుతుంది, జిమ్‌కు 11,000 వస్తుంది, మీ వాటా 4,000 నుంచి 5,500 అవుతుంది. నడుము నొప్పి ఉన్నవారిని, ఇప్పుడిప్పుడే బరువులు పడుతున్నవారిని మాత్రం జంటలో కలపకండి, వారి మీద నుంచి చూపు మరల్చడానికి వీల్లేదు.

వేసవి కోసం ఫిబ్రవరిలోనే మూడు నెలల ప్యాకేజీ అమ్మండి. ఊరెళ్లిన రోజుల సెషన్లను తిరిగొచ్చాక వాడుకోవచ్చని రసీదు మీదే రాసి ఇస్తే మానేసేవారు తగ్గుతారు, ఇది నేను ఏటా చూస్తున్నదే. మీ వాటాలో జిమ్ టీడీఎస్ (చెల్లించేటప్పుడే పట్టుకునే ఆదాయపు పన్ను) కోస్తోందేమో కూడా చూసుకోండి. కోస్తుంటే, మీ ఆదాయం మీద పన్ను పడని పక్షంలో రిటర్న్ వేసి ఆ సొమ్ము వెనక్కి తీసుకోవచ్చు. చాలామంది ట్రైనర్లు ఆ డబ్బును ఊరికే వదిలేస్తున్నారు.

రెండో జవాబు

నేను విజయవాడలో మహిళలకు, పెద్దవయసు వారికి శిక్షణ ఇస్తాను. మీరు ఖాళీ అంటున్న పదకొండు గంటల వేళే నాకు అసలైన పని వేళ, ఎందుకంటే పిల్లలు బడికి, కొడుకులూ కోడళ్లూ ఆఫీసుకు వెళ్లాక పెద్దవారికి తీరిక దొరికేది అప్పుడే. 65 దాటినవారు వారానికి కనీసం మూడు రోజులు బలాన్ని, శరీరపు నిలకడను పెంచే వ్యాయామాలు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో చెప్పింది, అయినా మన జిమ్‌లలో వారి కోసం ఒక్క బ్యాచ్ కూడా కనబడదు.

నా దగ్గరికి వచ్చిన ఒక పెద్దమ్మగారు మొదటి రోజు చేతులు గుండెల మీద కట్టుకుని, కుర్చీలోంచి ముప్పై సెకన్లలో ఆరుసార్లే లేవగలిగారు, అదీ ఆరోసారి పెదవి కొరుక్కుంటూ. మూడు నెలలకు పదకొండుసార్లు లేచారు. ఆ రెండు అంకెలూ ఆవిడే అపార్ట్‌మెంట్ అంతా చెప్పుకున్నారు. ఆ ఒక్క భవనం నుంచే నాకు మరో నలుగురు వచ్చారు. ఎవరినైనా చేర్చుకునే ముందు బీపీ, షుగర్, మోకాళ్ల పరిస్థితి గురించి వారి డాక్టర్ మాట తప్పక తీసుకోండి. ఇటువంటి బ్యాచ్ బయట పెట్టాలంటే, మీరు జిమ్‌తో రాసుకున్న ఒప్పందం బయటి పనికి అనుమతిస్తుందో లేదో ముందుగా చదువుకోండి, జిమ్ సభ్యులను మాత్రం అందులోకి లాగకండి.

మూడో జవాబు

డబ్బాల విషయం వరకే నేను చెబుతాను. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో, కండలు పెంచడానికి ప్రోటీన్ సప్లిమెంట్లు వాడవద్దని స్పష్టంగా రాసింది. ట్రైనర్ చెప్పాడు కాబట్టి కొన్నవారికి, అందులో నీ కమిషన్ ఉందని తెలిసిన రోజు నుంచి నీ ప్రతి సలహా మీదా అనుమానమే, తమ్ముడూ. వద్దు.

మధ్యాహ్నపు ఖాళీకి నేను కనుక్కున్న ఉపాయం లండన్‌లో ఉన్న మనవారు. వేసవిలో వారికి ఉదయం ఏడంటే మనకు పదకొండున్నర, చలికాలంలో పన్నెండున్నర. ఇంట్లో ఒక జత డంబెల్స్, రెండు రబ్బరు బ్యాండ్లు ఉంటే చాలు, వీడియోలో తెలుగులో నేర్పేవారు దొరికారని సంతోషిస్తారు. అయితే ఫోన్‌ను పక్క నుంచి, నడుము ఎత్తున పెట్టమనాలి. ఎదురుగా పెడితే వెన్ను వంగడం నీకు కనబడదు.

ప్రశ్నించినవారి సమాధానం

ముగ్గురికీ కృతజ్ఞతలు. కమిషన్ వద్దని ఈ సాయంత్రమే యజమానికి చెప్పి, దాని బదులు జంట సెషన్ల లెక్క ఆయన ముందు పెడతాను. ఉదయం ఆరింటి బ్యాచ్‌లో ఒక దంపతులు వేర్వేరు రోజుల్లో వస్తున్నారు, ముందుగా వారినే అడుగుతాను. రెండో జవాబు రాసిన అక్కకు ఒక్క సందేహం: పెద్దవారికి వారంలో మూడు రోజులకు మీరు ఎంత తీసుకుంటున్నారో చెప్పగలరా?